బారాతీ కూలర్

ఢిల్లీ పక్కన వైశాలిలో పిన్ని వాళ్ళ ఫ్లాట్ అమ్మేస్తున్నామని, ఏమైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళమని రమ్య ఫోన్ చేసింది. రమ్య పిన్ని కూతురు. ఢిల్లీలోనే పుట్టి పెరిగింది కాబట్టి మనం తెలుగులో అడిగిందంతా అర్థం చేసుకుని హిందీలో జవాబు చెబుతుంది. "అక్కా" అన్న పిలుపు ఒక్కటే తెలుగులో మిగుల్చుకుంది. బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. పిన్ని పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆవిడ ఊరగాయ జాడీ ఒకటి అడిగి తెచ్చుకుందామన్నంత ఆశతోనే మెట్రో ఎక్కాను.

వెళ్ళేసరికి హాలంతా మూటలు. మెట్ల దగ్గర పాత సామాన్లు కొనే కబాడీవాడు తక్కెడ పెట్టుకుని కూర్చున్నాడు. బాల్కనీ మూల పాత దుప్పటి కప్పిన పెట్టె ఒకటి ఉంటే రమ్య దుప్పటి లాగేసింది. కూలర్. నీలం రంగు వెలిసిపోయి బూడిద రంగులోకి వచ్చింది. గాలి వచ్చే జాలీకి కింద, మోకాలి ఎత్తులో, చాటంత నోరు ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. వేసవంతా దాని ముందే పడుకుని పెరిగిన పిల్ల, దాన్ని ఇప్పుడే చూస్తున్నట్టు చుట్టూ తిరిగి, "అక్కా, యే కిస్ కంపెనీ కా హై? నామ్ హీ నహీ హై కహీ" అని, ఏ కంపెనీదో పేరే ఎక్కడా లేదేమని అడిగింది. కబాడీవాడు వచ్చి వేలి కణుపుతో కొట్టి చూసి, ఇది చెక్క అనీ, కూలర్లు చెక్కతో చెయ్యరనీ, అందుచేత ఇది అసలు కూలరే కాదనీ తేల్చేశాడు. అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అది కూలర్‌గా పుట్టలేదు. కాదనిపించుకోవడానికే పుట్టింది. దాన్ని పుట్టించింది నేను.

నాతోపాటు ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఇప్పుడు తొలి ఉద్యోగం గురించి రాసేటప్పుడు కళ్ళు ఒత్తుకుంటారు. బాస్ తిట్టినా మన మంచికే తిట్టాడంటారు. ఆ అవమానాలే మనల్ని మనుషుల్ని చేశాయంటారు. నాకా కన్నీళ్ళు రావు. ఆ ఆఫీసులో నేను నేర్చుకున్నది చాలా ఉంది, కాదనను. కానీ వాళ్ళు నేర్పాలనుకున్నది ఒకటి, నేను నేర్చుకున్నది ఇంకొకటి. ఆ తేడా ఎక్కడ వచ్చిందో ఇన్నాళ్ళకి రాయబుద్ధయింది.

నేను సామర్లకోట పిల్లని. గుజరాత్ వెళ్ళి ఇండస్ట్రియల్ డిజైన్ చదివి, ఢిల్లీలో ఒక డిజైన్ ఏజెన్సీలో ఉద్యోగం వస్తే ఆర్కే పురంలో పిన్ని వాళ్ళు అప్పట్లో ఉండే ప్రభుత్వ క్వార్టర్‌లో దిగాను. తొంభైల మొదటి రోజులవి. డిజైనర్ అంటే బట్టలు కుట్టే మనిషి అని అందరి నమ్మకం. కాలనీలో ఆంటీలు తమ జాకెట్టు గుడ్డలు పట్టుకుని వచ్చేవారు. మా నాన్న మా ఊళ్ళో "ఇంజనీరింగ్ లాంటిదేలెండి" అని తప్పించుకునేవాడు. పిన్ని మాత్రం తప్పించుకునేది కాదు. "ఇస్త్రీపెట్టె ఎలా ఉండాలో మా పిల్ల బొమ్మ వేస్తుంది, కంపెనీవాడు అలాగే చేసి చస్తాడు" అని తనకొచ్చిన హిందీలో అందరికీ చెప్పేది. చేసి చస్తాడన్న ముక్క హిందీలోకి ఎలా దింపిందో నాకు తెలియదు గానీ, ఆ తర్వాత జాకెట్టు గుడ్డలు రావడం తగ్గింది.

రెండు గదుల ఇల్లు, మొదటి అంతస్తు. రమ్య అప్పటికి చంటిపిల్ల. బాబాయి ఒక మంత్రిత్వ శాఖ ఆఫీసులో స్టోర్‌కీపర్. అక్కడ కుర్చీలకీ బల్లలకీ ఫ్యాన్లకీ నంబర్లు వేయించడం ఆయన పని. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఆదివారం పూట బనీనుతో కూర్చుని, తెల్ల ఎనామిల్ డబ్బా, సన్నటి కుంచె ముందు పెట్టుకుని ఇంట్లో ఉన్న ప్రతి వస్తువుకీ నంబరు వేసేవాడు. స్టూలుకి, బకెట్లకి, పీటకి, చివరికి నేను తెచ్చుకున్న డ్రాయింగ్ బోర్డుకి కూడా. నంబరు లేని వస్తువు ఆయన దృష్టిలో లేనట్టే. నియమం తప్పడం ఆయన ఒంట్లో లేదు. పై ఆఫీసరు ఫోన్ చేస్తే ఇంట్లో ఉన్నా సరే లేచి నిలబడి మాట్లాడేవాడు.

పిన్ని రోజు కుళాయి దగ్గుతో మొదలయ్యేది. నీళ్ళు వచ్చే ముందు గొట్టం రెండుసార్లు దగ్గుతుంది. ఆ దగ్గు వినపడగానే నిద్రలోంచి లేచి బకెట్లు వరసగా పెట్టేది. నీళ్ళు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఆ కాసేపట్లో తాగే నీళ్ళు, వంట నీళ్ళు, స్నానాల నీళ్ళు, వేసవైతే కూలర్ నీళ్ళు. పక్కింట్లోంచి ఆవనూనె కాగే ఘాటు, మా వంటింట్లోంచి కరివేపాకు పోపు, రెండూ మెట్ల మీద కలుసుకునేవి. ఏప్రిల్ రాగానే బాబాయి కూలర్‌కి కొత్త వట్టివేళ్ళ తడకలు బిగించేవాడు. మొదటిసారి అవి తడిసినప్పుడు వచ్చే వాసన కోసం నేను చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గర నిలబడేదాన్ని.

ఆ కూలర్ రేకు డబ్బా. బాల్కనీలో ఇనప స్టాండు మీద, కిటికీకి ఆనించి ఉండేది. నీళ్ళు పొయ్యాలంటే పక్క తడక ఊడదీసి, నిండు బకెట్‌ని గుండెల దాకా ఎత్తి లోపలికి వంచాలి. పిన్ని పొట్టి మనిషి. స్టూలెక్కి, బకెట్ అంచు పొట్టకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి ఎత్తేది. సగం నీళ్ళు చీర మీదే. తడికాళ్ళతో రేకు తగిలితే షాక్ కొట్టేది. అందుకని ముందు చెయ్యి తిరగేసి వేళ్ళ వెనకతో ఒకసారి తట్టి చూసేది, ఢిల్లీలో ఆ కాలపు ఆడవాళ్ళందరూ చేసినట్టే. రాత్రి నడుముకి మందు రాసుకునేది. మా ఇంట్లో వేసవి అంటే నాకు ఆ రెండు వాసనలు, తడిసిన వట్టివేళ్ళు, నడుముకి రాసుకున్న మందు. బాబాయి ఎప్పుడూ అందులో నీళ్ళు పోసి ఎరగడు. చెడ్డవాడని కాదు. ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి కూలర్ నిండుగా, చల్లగా తిరుగుతూ ఉండేది కాబట్టి దానికి నీళ్ళు పొయ్యాలన్న సంగతి ఆయనకి తట్టలేదు.

మా ఏజెన్సీ దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద కోఠీ బంగళా కింద బేస్‌మెంట్‌లో ఉండేది. మెట్లు దిగుతుంటేనే డూకో పెయింటు, ఫెవికాల్, చెక్కపొట్టు వాసన కలిపి కొట్టేది. కరెంటు పోతే జనరేటర్ మోత. ఆఫీసు మొత్తానికి ఒకే కంప్యూటర్. దానికి ఏసీ గది, పైన పూల గుడ్డ. మేమంతా ట్రేసింగ్ పేపర్ మీద గీసేవాళ్ళం. గీసినదాన్ని ప్లైవుడ్, లప్పంతో అసలు సైజులో మోడల్ చేయించి, రంగు కొట్టి, క్లయింట్ ముందు పెట్టేవాళ్ళం. దూరం నుంచి చూస్తే నిజమైన వస్తువే అనిపించాలి. అదే ఆ ఆఫీసు గొప్ప. యజమాని ధవన్ సర్. విదేశాల్లో చదివొచ్చినవాడు, గీత గీస్తే అలా చూస్తూ ఉండిపోవాల్సిందే. వంకర గీత ఎక్కడ తిన్నబడాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

క్లయింట్‌కి ఎప్పుడూ మూడు మోడళ్ళు చూపించడం అక్కడి పద్ధతి. చేరిన కొత్తలో నేనొక టార్చిలైటు చేశాను. క్లయింట్ వద్దన్నాడు. తర్వాత ఒక టేబుల్ ఫ్యాను. అదీ వద్దన్నాడు. నాలో ఏదో లోపం ఉందని కుమిలిపోయి, చెయ్యి నొప్పెట్టేలా గీతలు సాధన చేసేదాన్ని. కూలర్ ప్రాజెక్టు వచ్చినప్పుడు తెలిసింది అసలు సంగతి. ప్లాస్టిక్ బాడీ కూలర్లు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. నోయిడాలో ఫ్యాక్టరీ ఉన్న బన్సల్ గారు తనకి కొత్త రకం కూలర్ కావాలని వచ్చాడు. ఆయన వెళ్ళాక ధవన్ సర్ మా సీనియర్‌తో అంటున్న మాట బోర్డు వెనకనుంచి విన్నాను. "దూల్హాని నేను గీస్తాను. బారాతీల్లో ఒకటి నువ్వు చెయ్యి, ఒకటి వసుంధరకి ఇయ్యి." వసుంధరంటే నేను.

దూల్హా అంటే పెళ్ళికొడుకు. బారాతీలంటే వాడి వెనక ఊరేగింపులో వచ్చే జనం. మూడు మోడళ్ళలో అమ్ముడుపోవలసింది ఒకటే, అది ముందే నిర్ణయమైపోతుంది. మిగిలిన రెండూ దాని పక్కన నిలబడి దాన్ని అందంగా చూపించడానికి. క్లయింట్‌కి తానే ఎంచుకున్నానన్న తృప్తి ఉండాలి కదా. నా టార్చీ, నా ఫ్యానూ ఓడిపోలేదు. వాటిని ఓడిపోవడానికే పంపించారు. అది తెలిసిన క్షణాన నాకు ఏడుపు రాలేదు, మండింది.

లోపలికి వెళ్ళి అడిగేశాను. ఆయన కోపగించుకోలేదు, నోట్లోంచి పొగాకు పైపు తీసి పక్కన పెట్టాడు. "అందరూ అలాగే మొదలవుతారు వసుంధరా. రెండు మూడేళ్ళు బారాతీలు చెయ్యి. చెయ్యి తిరుగుతుంది."

"కాదనిపించుకోవడానికని తెలిశాక చెయ్యి ఎలా తిరుగుతుంది సర్?"

"ఎవరూ నిన్ను బాగా చెయ్యొద్దనలేదు."

ఆ మాట పట్టుకున్నాను. బాగానే చేస్తానని చెప్పాను. నా మోడల్ గురించి క్లయింట్‌కి నేనే వచ్చి చెబుతానని కూడా అన్నాను. దానికాయన నవ్వి, ఫ్యాక్టరీలో లేడీస్ టాయిలెట్ లేదు, అందుకని ఆడవాళ్ళని తీసుకెళ్ళడం లేదన్నాడు. "నేను వెళ్ళేది దానికోసం కాదు సర్" అన్నాను. ఆయన మళ్ళీ పైపు అందుకున్నాడు. ఇక వెళ్ళమని దానర్థం.

మిగతా ఇద్దరూ కూలర్ ముఖం గీశారు. విమానం రెక్కల్లాంటి జాలీలు, మెరిసే బొడిపెలు. నేను నీళ్ళ దగ్గర మొదలుపెట్టాను. గీస్తున్నంతసేపూ స్టూలెక్కిన పిన్ని కళ్ళముందు ఉంది. టాంకు ఎలాగూ కూలర్ అడుగునే ఉంటుంది. నీళ్ళని గుండెల దాకా ఎత్తి మళ్ళీ అడుక్కి పంపడం ఎందుకు? జాలీకి కింద, టాంకు అంచుకి కాస్త పైన, మోకాలి ఎత్తులో ముందుకొచ్చే ఒక నోరు పెట్టాను. బకెట్‌ని దాని పెదవి మీద ఆనించి వంచితే చాలు. చూడ్డానికి మరీ అందంగా లేదు, నేనూ ఒప్పుకుంటాను. ధవన్ సర్ దాన్ని చూసి, "కప్పలా నోరు తెరుచుకుంది" అన్నాడు. బారాతీకి అలా ఉండడం మంచిదేనన్నాడు, దూల్హా ఇంకా అందంగా కనిపిస్తాడట.

చూపించే రోజు ధవన్ సర్, సీనియర్ కారులో వెళ్ళారు. మోడళ్ళు టెంపోలో బయల్దేరాయి. నేను టెంపో ఎక్కి నా కప్ప పక్కన కూర్చున్నాను. డ్రైవర్ నన్ను ఏమీ అడగలేదు. మోడళ్ళతో ఎవరో ఒకరు రావడం మామూలే. దారి పొడుగునా దుమ్ము. యమున వంతెన మీద గుంతలకి మోడళ్ళు ఒకదాన్నొకటి రాసుకోబోతుంటే మూడింటినీ నా చున్నీతో, మోచేతులతో ఆపుతూ కూర్చున్నాను. దూల్హాకి కూడా గీత పడనివ్వలేదు. గెలిస్తే నీళ్ళ దగ్గర గెలవాలి గానీ రంగు ఊడిపోయి కాదు.

ఫ్యాక్టరీలో మీటింగు గదిలోకి మోడళ్ళతో పాటు నేనూ వెళ్ళేసరికి ధవన్ సర్ ముఖం బిగిసింది. క్లయింట్ ముందు ఏమీ అనలేక, "మా డిజైనర్" అని పరిచయం చేశాడు. బన్సల్ గారు పెద్దమనిషి, సఫారీ సూటు, మెత్తటి మాట. దూల్హా మీద గుడ్డ తీయగానే ఆయన కళ్ళు మెరిశాయి. రెండోది చూసి తలూపాడు. మూడోదాన్ని ధవన్ సర్ ఒక్క వాక్యంలో దాటించబోతుంటే నేను ఖాళీ బకెట్ ఒకటి తెప్పించమని అడిగాను. ఎందుకని బన్సల్ గారికి కుతూహలం పుట్టి తెప్పించాడు. దూల్హాకి నీళ్ళ కన్నం వెనక వైపు, పైన. కూలర్‌ని గదిలో పెట్టి వీపు కిటికీకి ఆనిస్తే అక్కడికి చెయ్యే పోదు. బకెట్ ఎత్తి, గోడకీ దానికీ మధ్య దూరబోయి, మోచెయ్యి తగిలి ఆగిపోయి చూపించాను. నటించలేదు, నిజంగానే పట్టలేదు. తర్వాత నా మోడల్ దగ్గరికి వచ్చి పెదవి మీద బకెట్ ఆనించి వంచాను.

"సర్, మీ ఇంట్లో కూలర్‌కి నీళ్ళు ఎవరు పోస్తారు?"

"నౌకర్" అన్నాడాయన. అందరూ నవ్వారు.

"మీ కూలర్ కొనేవాళ్ళ ఇళ్ళలో నౌకర్లు ఉండరు సర్. భార్యలు ఉంటారు."

నవ్వు ఆగింది. బన్సల్ గారు మాత్రం నొచ్చుకోలేదు. నాకు టీ ఇవ్వమని చేత్తో సైగ చేసి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "బేటీ, నువ్వు చూపించింది కరెక్టే. కానీ కూలర్ కొనేవాడు నీళ్ళు పొయ్యడు. నీళ్ళు పోసేది కొనదు. దుకాణంలో మగవాడు నిలబడి ముఖం చూస్తాడు. నేను ముఖమే అమ్మాలి." దూల్హా భుజం మీద చెయ్యి వేశాడు. పెళ్ళి అయిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ధవన్ సర్ నన్ను కారు ఎక్కించుకున్నాడు. అరవలేదు. క్లయింట్ ముందు మా ఆఫీసు మోడల్‌ని మా ఆఫీసు మనిషే తక్కువ చేసి చూపించడం తాను ఎన్నడూ ఎరగనన్నాడు. "రేపు బన్సల్ గారికి ఫోన్ చేసి, తెలియక మాట్లాడానని చెప్పు. సారీ అను. నీలో పస ఉంది. వాషింగ్ మెషీన్ ప్రాజెక్టు వస్తోంది, దూల్హాని నువ్వే గీద్దువుగాని." ఆఫీసులో దిగేటప్పుడు మూడో మోడల్ ఏం చేస్తారని అడిగాను. విరిచి చెక్క వాడుకుంటారన్నాడు. నేను తీసుకెళ్తానంటే, "తీసుకెళ్ళు నీ కప్పని" అన్నాడు.

టెంపోలోనే ఇంటికి తెచ్చాను. మెట్ల మీద పైకి చేర్చి ముందు గదిలో పెట్టేసరికి బాబాయి వచ్చాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన చొక్కా మడిచి వంకీకి తగిలించి, నిదానంగా కూర్చున్నాడు.

"ఫోన్ చేసి చెప్పెయ్యమ్మా. నోటితో ఒక్క మాట అంటే మనదేం పోతుంది? ఉద్యోగంలో చేరాక ఇలాంటివి ఎన్నో అంటాం. నేను అనలేదా?"

"తెలియక మాట్లాడానని చెప్పమన్నారు బాబాయ్. నాకు తెలుసు కదా."

"తెలిసినా సరే. పెద్దవాళ్ళు పని ఇస్తామంటున్నారు. ఎన్నాళ్ళు పట్టుద్దో నీకు మళ్ళీ అలాంటిది రావడానికి."

ఆయన మాటలో మోసం లేదు, ప్రేమే ఉంది. అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది. దూల్హాని గీసే అవకాశం నాకు అక్కర్లేదని నేనూ అనుకోలేదు. దానికోసమే కదా ఇల్లు వదిలి అంత దూరం వెళ్ళి చదివాను. రాత్రికి ఆలోచించుకుంటానన్నాను. దాదాపు ఒప్పేసుకున్నట్టే. సరిగ్గా అప్పుడు కుళాయి దగ్గింది. పిన్ని లేచి వెళ్ళింది. బకెట్ నిండింది. ఎప్పటిలా బాల్కనీకి మోసుకెళ్తూ, ముందు గదిలో నా కూలర్ దగ్గర ఆగింది. మేము మాటల్లో ఉన్నాం, చూడలేదు. చెప్పాను కదా, నిజమైన వస్తువులా కనిపించడమే ఆ మోడళ్ళ గొప్ప. దానికి నోరు ఉంది, ఆ నోరు ఎందుకో పిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు. బకెట్‌ని పెదవికి ఆనించింది, వంచింది.

లోపల టాంకు లేదు. ఏమీ లేదు, ఉత్త డొల్ల. బకెట్ నీళ్ళూ అడుగునుంచి గదంతా పరుచుకున్నాయి. బాబాయి కుర్చీలో కాళ్ళు పైకి లాక్కున్నాడు. నేను "పిన్నీ, అది నిజంది కాదు, ఉత్త చెక్క" అని అరుస్తూ చాప ఎత్తుతున్నాను. పిన్ని పాదాలు తడుస్తూ నీళ్ళల్లో నిలబడి ఉంది, నేల వైపు చూడనే లేదు. ఖాళీ బకెట్ వైపు, తన చేతుల వైపు చూసుకుంటోంది.

"ఎత్తక్కర్లేదే" అంది.

బట్ట తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టింది. నేనూ కూర్చుని తుడిచాను. తుడుస్తూ నిర్ణయించుకున్నాను. తెలియక మాట్లాడానని ఈవిడ బతికుండగా ఎవడితోనూ అనను.

మర్నాడు ఫోన్ చెయ్యలేదు. చెయ్యనని ధవన్ సర్‌కి చెప్పాను. ఆయన భుజాలెగరేశాడు. వాషింగ్ మెషీన్ వేరేవాళ్ళకి వెళ్ళింది. నన్ను అట్టపెట్టెల మీద బొమ్మలు గీసే బల్లకి మార్చారు. దూల్హా కూలర్ బజారులోకి వచ్చినప్పుడు దాని అట్టపెట్టె మీద బొమ్మ గీసింది నేనే. ఇంకెవరైనా అయితే రాజీనామా ఇచ్చేవారు. నేను ఇవ్వలేదు. వెళ్ళిపోతే వాళ్ళకి హాయి, ఎందుకు వెళ్ళాలి? ఆ బల్ల దగ్గరే కూర్చుని, ప్రతి అట్టపెట్టె మీదా ఆ వస్తువుని ఎలా పట్టుకోవాలో, నీళ్ళు ఎక్కడ పొయ్యాలో పెద్ద బొమ్మలు వేసి, దూల్హాల లోపాలన్నీ దుకాణంలో నిలబడ్డ మనిషికి కనపడేలా చేశాను. మనుషులు చాలక మళ్ళీ బారాతీలు అడిగినప్పుడల్లా చేశాను, ఒక్కటీ ఓడిపోవడానికి చెయ్యలేదు. ఓడిపోయేవి ఓడిపోయాయి. ఒకటి రెండు వాళ్ళ పెళ్ళి చెడగొట్టి అవే పల్లకీ ఎక్కాయి. ఆ తర్వాతే బయటికొచ్చి నా సొంత పని మొదలుపెట్టాను.

ఇంట్లో ఆ చెక్క కూలర్ కొన్నాళ్ళు అలాగే పడి ఉంది. ఇంట్లో ఉన్న వస్తువుకి నంబరు వెయ్యకుండా బాబాయి ఉండడం నేను చూసింది అదొక్కసారే. ఒక ఆదివారం ఆయనే రేకుపని చేసే అతన్ని పిలుచుకొచ్చాడు. లోపలికి టాంకు చేయించాడు, వెనక చెక్క కోయించి తడకలు బిగించాడు, పాత రేకు డబ్బాలోని మోటారు, పంపు తీసి దీంట్లో పెట్టించాడు. పిన్ని బకెట్ తెచ్చి వంచింది. ఈసారి నీళ్ళు లోపలే ఉన్నాయి. మోటారు తిరిగి, తడిసిన వట్టివేళ్ళ వాసన గదిలోకి వచ్చాక, ఆయన వెళ్ళి ఎనామిల్ డబ్బా, కుంచె తెచ్చుకుని కింద కూర్చున్నాడు. నన్ను ఫోన్ చెయ్యమన్న సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. స్టూలు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా స్టూడియోకి వచ్చే కుర్రకారు మొదటి స్లైడ్‌లోనే వస్తువు వాడే మనిషి ముఖ్యం అని రాస్తారు. చాలా మంచి మాట. అది ఎవరో ఇచ్చిన వరమైనట్టు రాస్తారు, అదే నాకు నచ్చదు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకి టాయిలెట్లు వచ్చాయి. మీటింగు ఆలస్యమైతే మీకు ఇబ్బందేమో అని మర్యాదగా అడిగే మగవాళ్ళు ఇంకా ఉన్నారు. బారాతీ అన్న మాట పోయింది, ఆప్షన్ సీ అంటున్నారు. నా దగ్గర పనిచేసే పిల్లలకి నేనొకటే చెబుతాను. మూడు చెయ్యండి, ముప్పై చెయ్యండి, కాదనిపించుకోవడానికి మాత్రం ఒక్కటీ చెయ్యకండి. ఆ రోజులు బంగారమని నా చేత ఎవరూ అనిపించలేరు. బాగుపడింది ఏదైనా ఉంటే అది నా పిన్ని నడుము, అదీ ఒక కూలర్ వల్ల మాత్రమే.

వైశాలి బాల్కనీలో కబాడీవాడు, చెక్క కాబట్టి పొయ్యిలోకి పనికొస్తుందని ఒక ధర చెప్పాడు. ఆ డబ్బు నేను పర్సులోంచి తీసి రమ్య చేతిలో పెట్టబోయాను. "అక్కా, పాగల్ హో క్యా? ఐసే హీ లే జావో" అని, ఊరికే పట్టుకెళ్ళమంటూ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఊరికే అయితే వద్దన్నాను. కొంటానన్నాను. ఎందుకో దానికి అర్థం కాలేదు, కానీ నా ముఖం చూసి పుచ్చుకుంది. స్నానాల గదిలోంచి బాబాయి నంబరు వేసిన ఇనప బకెట్ తెచ్చి కుళాయి కింద పెట్టాను. నాకిప్పుడు అప్పటి పిన్ని కంటే ఎక్కువ వయసు, నాకూ నడుం నొప్పి. నిండిన బకెట్‌ని రెండు చేతులా ఈడ్చుకొచ్చి, పెదవి మీద ఆనించి వంచాను. టాంకు మూలనుంచి సన్నగా కారింది. కారనీ.

ఎత్తక్కర్లేకపోయింది బన్సల్ గారూ. కొన్నదీ నేనే, నీళ్ళు పోసిందీ నేనే.